చేతితో చేసిన ఖుకురి: మన చేతికి తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు తడి కట్టెలతో నిప్పు రాజేయడం ఎలాగో చూశాం. అందులో నేను కట్టె కొట్టిన వంకర కత్తి గురించి చాలామంది అడిగారు. అది నేపాల్ ఖుకురి. అక్కడి కమ్మరి చేత్తో కొట్టిన కత్తి. అయితే మీరు చూసిన రూపంలో అది నా దగ్గరికి రాలేదు. మూడేళ్ళలో దానికి కొన్ని మార్పులు చేసుకున్నాను. ఈ రోజు ఆ విషయమే మాట్లాడుకుందాం. ఏం మార్చొచ్చు, ఏం ముట్టుకోకూడదు, ఏది ముందు, ఏది తర్వాత.

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళు చాలామంది ఇప్పుడు క్యాంపింగ్‌కి, ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారు. నేపాల్ నుంచి ఖుకురి తెప్పించుకుంటున్నారు. పది రోజులు వాడతారు, అరచెయ్యి బొబ్బలెక్కుతుంది, గ్యారేజీలో గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడే మంచి కత్తి పాడవుతుంది. అందుకని గ్రైండర్ స్విచ్ వేసే ముందు ఈ మాటలు వినండి.

అసలు ఆ కత్తి ఎలా తయారవుతుందో తెలియాలి. ఎందుకంటే ఏం మార్చకూడదో అందులోనే ఉంది.

ఖుకురి ఎక్కువగా లారీల కమాన్ పట్టీల స్టీల్‌తో చేస్తారు. పాత లారీల కమాన్ కట్టలు విప్పి, ముక్కలు కోసి, బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొడతారు. వెన్ను దళసరిగా, అంచు పల్చగా వస్తుంది. కొన్ని రకాల్లో వెన్ను దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆఖర్న పదును పట్టే దశ ఉంటుంది చూడండి, అదే అసలు విద్య. కత్తి మొత్తాన్ని నీళ్ళ తొట్టిలో ముంచరు. టీ కెటిల్ లాంటి పాత్రతో అంచు మీద మాత్రమే, అదీ పొట్ట భాగంలో ఎక్కువగా, నీళ్ళు పోస్తారు. అంచు చల్లారి గట్టిపడుతుంది. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకి, ఆ గట్టిదనంలోని పెళుసుని తగ్గిస్తుంది.

దీని వల్ల ఒకే కత్తిలో మూడు నాలుగు రకాల గట్టిదనం ఉంటుంది. కట్టెకు తగిలే పొట్ట భాగం బాగా గట్టి. మొన దగ్గర, పిడి దగ్గర కాస్త మెత్తన. వెన్ను ఇంకా మెత్తన. దెబ్బ తగిలినప్పుడు ఆ వెన్ను అదురుని తట్టుకుంటుంది, కత్తి విరగదు. ఇదంతా ఆయన కంటి అంచనాతో చేసిన పని. ఇనుము ఏ ఎరుపులో ఉంది, నీళ్ళు ఎంత సన్నగా పోయాలి, ఎక్కడ ఆపాలి, ఇవి ఎక్కడా రాసి ఉండవు.

ఆ పని చేసేవాళ్ళ గురించి ఒక మాట. నేపాల్ కొండల్లో సంప్రదాయంగా ఈ పని చేసేది కామి అనే కులం వాళ్ళు. చాలామంది ఇంటిపేరు బిశ్వకర్మ అని రాసుకుంటారు. మన దగ్గర కమ్మరులు విశ్వకర్మ పేరు చెప్పుకున్నట్టే. తేడా ఏమిటంటే అక్కడ వీళ్ళని తరతరాలుగా అంటరానివాళ్ళుగా చూశారు. ప్రతి ఇంట్లో ఆయన చేసిన కత్తి ఉంటుంది, కూర తరగడానికీ అదే, దసైన్ పండక్కీ అదే. ఆయన్ని మాత్రం గడప లోపలికి రానిచ్చేవారు కాదు. 1963లో చట్టం మారింది, మనుషులు మారడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, కొంతమంది 'చేతి పని కదా, ఫినిషింగ్ సరిగ్గా లేదు' అని తేలిగ్గా మాట్లాడతారు. ఫినిషింగ్ మనం ఇంట్లో చేసుకోవచ్చు. ఆ నీళ్ళు పోసే విద్య మనం ఇంట్లో చేసుకోలేం. మార్పులు చేసేటప్పుడు ఈ తేడా మర్చిపోకండి.

కాబట్టి నేను పెట్టుకున్న సూత్రం ఒకటే. వెనక్కి తెచ్చుకోగలిగే మార్పులు ముందు. తెచ్చుకోలేనివి ఆఖర్న. కత్తికి వేడి తగిలే పని అసలు వద్దు.

మొదటి నెల ఏమీ మార్చకండి. వాడండి, అంతే. ప్రతిసారీ వాడిన తర్వాత అరచెయ్యి చూసుకోండి. ఎక్కడ ఎర్రబడింది, ఎక్కడ నొప్పి. పిడికి కాస్త సుద్దపొడి రాసి పట్టుకుని ఒక పది దెబ్బలు వేస్తే, సుద్ద ఎక్కడ చెరిగిపోయిందో అక్కడ పిడి చేతిని గట్టిగా ఒత్తుతోందని అర్థం. నా కత్తిలో రెండు చోట్ల చెరిగింది. పిడి మధ్యలో ఒక ఉబ్బెత్తు ఉంగరం లాంటిది ఉంటుంది, అక్కడ. పిడి చివర వెడల్పుగా విచ్చుకున్న అంచు దగ్గర, సరిగ్గా చిటికెన వేలు కింద.

సాధారణంగా ఖుకురి పిడి పొట్టిగా ఉంటుంది, 4 అంగుళాల చుట్టూ. పెద్ద చేతులవాళ్ళకి, గ్లోవ్స్ వేసుకునేవాళ్ళకి ఇది ఇరుకు. ఇంకా కొనని వాళ్ళకి నా సలహా ఏమిటంటే, నాలుగు వేళ్ళ మెటికల అడ్డంగా స్కేలు పెట్టి కొలవండి, గ్లోవ్స్‌తో కూడా కొలవండి. ఆ కొలత అమ్మేవాళ్ళకి రాసి పంపండి. నేపాల్‌లో చాలామంది ఆర్డర్ మీద పిడి పొడవు మార్చి చేసి ఇస్తారు. పిడి చిన్నదైతే తర్వాత మనం పొడవు పెంచలేం. పెద్దదైతే తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు చేతిలో ఉన్న కత్తి సంగతి. ముందు ఆకురాయి పట్టుకోకండి. పాత సైకిల్ ట్యూబ్ ఒక ముక్క కోసి పిడికి బిగుతుగా చుట్టండి. రూపాయి ఖర్చు లేదు. పిడి లావు కావాలా, పట్టు కావాలా, ఉంగరం దగ్గర ఎత్తుపల్లాలు పూడ్చాలా, అన్నీ దీంతో పరీక్షించుకోవచ్చు. కొంతమందికి ఇదే సరిపోతుంది. నచ్చకపోతే విప్పేయొచ్చు.

సరిపోకపోతే అప్పుడు గరుకు కాగితం. యంత్రం వద్దు, చేత్తోనే. 120 నంబరుతో మొదలుపెట్టి, 220, తర్వాత 400. ఉంగరాన్ని మొత్తం తీసేయకండి. దాని పదునైన మూల మాత్రం గుండ్రంగా చేయండి. చివర విచ్చుకున్న భాగం విషయంలో ఇంకా జాగ్రత్త. చేతికి గుచ్చుకుంటోంది కదా అని చాలామంది దాన్ని నున్నగా కోసేస్తారు. అది అలంకారం కాదండి. 600, 700 గ్రాముల కత్తిని ఊపుతున్నప్పుడు చేతిలోంచి జారిపోకుండా ఆపేది అదే. చెమట పట్టిన చేతిలోంచి ఖుకురి జారితే అది మన కాలి మీదో, ఎదురుగా కూర్చున్న పిల్లల వైపో వెళ్తుంది. కాబట్టి వెడల్పు అలాగే ఉంచి, మూలలు మాత్రమే గుండ్రంగా చేసుకోండి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పది నిమిషాలు రుద్దడం, పట్టుకుని చూడటం, మళ్ళీ రుద్దడం.

మాస్క్ తప్పనిసరి. పిడి సిసౌ కర్రతో చేసిందైనా, గేదె కొమ్ముతో చేసిందైనా, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొమ్ము పొడైతే వాసన కూడా కాలిన జుట్టులా ఉంటుంది, ఇంట్లో చేస్తే ఆవిడ ఊరుకోరు. బయట చేసుకోండి.

కొమ్ము పిడికి ఇంకో సమస్య ఉంది. ఇక్కడ చలికాలం ఇళ్ళల్లో హీటర్లు నడుస్తాయి, గాలి ఎండిపోతుంది. కొమ్ము కుంచించుకుపోయి పగుళ్ళొస్తాయి. నెలకోసారి నూనె గుడ్డతో తుడిస్తే చాలు. కర్ర పిడి అయితే రుద్దడం అయ్యాక అవిసె నూనె పల్చగా రెండు మూడు పూతలు వేయండి. ఇక్కడ ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకుంటుంది. గుడ్డని విడదీసి బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి.

సంప్రదాయ పిడిని లోపలి ఇనుప తోకకి అతికించేది లాహా అనే బంక. వేడికి మెత్తబడుతుంది. అందుకే ఇత్తడి పొన్ను మీద యంత్రంతో రుద్దితే, ఇత్తడి వేడెక్కి లోపల బంక వదులవుతుంది. మండు వేసవిలో కారు డిక్కీలో కత్తి వదిలేయడం కూడా ఇందుకే మంచిది కాదు. ప్రతిసారీ వాడే ముందు పిడిని పట్టుకుని మెలితిప్పినట్టు చూడండి. ఏ మాత్రం కదిలినా ఆ రోజు ఆ కత్తి వాడకండి.

పిడి అయింది. ఇప్పుడు అంచు.

నేపాల్ నుంచి వచ్చే కత్తుల్లో పదును ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. మనకి కావలసింది తెలుసుకుని దిద్దుకోవాలి. ముందు గట్టిదనం ఎక్కడుందో చూడండి. చిన్న ఆకురాయి తీసుకుని అంచు మీద పిడి దగ్గర నుంచి మొన వరకూ అక్కడక్కడా మెల్లగా తగిలించండి. మెత్తటి చోట ఆకురాయి కరుస్తుంది. గట్టి చోట గాజు మీద గీసినట్టు జారిపోతుంది. జారిన చోట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి. కమ్మరి ఎక్కడ నీళ్ళు పోశారో మీకు కంటికి కనబడుతుంది. కట్టె దెబ్బలన్నీ ఆ భాగంతోనే పడాలి.

నేను అంచుని మూడు భాగాలు చేసుకున్నాను. పిడి దగ్గర రెండు అంగుళాలు సన్నటి పదును. పుల్లలు చెక్కడానికి, తాడు కోయడానికి. ఆ భాగంతో ఎప్పుడూ దెబ్బ వేయను. మధ్యలో పొట్ట భాగం కాస్త మొద్దు కోణంలో, రెండు వైపులా కలిపి దాదాపు 40 డిగ్రీలు. ఓక్ లాంటి గట్టి కర్రకి అంతకంటే సన్నగా ఉంటే అంచు గొగ్గులు పడుతుంది. మొన దగ్గర ఆయన ఇచ్చింది ఇచ్చినట్టే వదిలేశాను, మొనతో నాకు పెద్ద పని లేదు కాబట్టి. మీరు చేపలు శుభ్రం చేయాలంటే దీన్ని పల్చన చేయాలని చూడకండి. ఆ పనికి పది డాలర్ల చిన్న కత్తి ఇంకోటి పెట్టుకోండి. గొడ్డలి పని చేసే కత్తిని చేప కత్తిగా మారిస్తే రెండు పనులకీ పనికిరాదు.

పదును పెట్టే పద్ధతి. ఖుకురి అంచు లోపలికి వంగి ఉంటుంది, బల్లపరుపు సానరాయి ఆ వంపులోకి దిగదు. ఒక గుండ్రటి కర్ర, చీపురు కర్ర ముక్కయినా పర్లేదు, దానికి గరుకు కాగితం చుట్టి వాడండి. పొట్ట భాగానికైతే పాత మౌస్ ప్యాడ్ మీద గరుకు కాగితం పరిచి, కత్తిని వెన్ను వైపుకి లాగండి. అంచు వైపుకి తోయకండి, కాగితం తెగుతుంది. మెత్తటి ప్యాడ్ వల్ల అంచు కొద్దిగా ఉబ్బెత్తుగా, గింజ ఆకారంలో వస్తుంది. దెబ్బకి నిలబడేది ఆ ఆకారమే. ముందు అంచుకి మార్కర్ పూసి రెండు సార్లు లాగి చూడండి. ఇంకు ఎక్కడ పోయిందో అక్కడే మీ కాగితం తగులుతోంది. దాన్ని బట్టి కోణం సర్దుకోండి.

ఇప్పుడు గ్రైండర్ సంగతి. మా మిత్రుడు ఒకాయన తన కొత్త ఖుకురిని ఊళ్ళో పదును పెట్టే దుకాణంలో ఇచ్చారు. పది నిమిషాల్లో తళతళలాడుతూ తిరిగొచ్చింది. అంచు వెంబడి రెండు అంగుళాల మేర నీలం రంగు. ఆయన అది అందంగా ఉందనుకున్నారు. మొదటి ఓక్ కొమ్మకే ఆ భాగం రేకులా మడతపడింది.

ఆ రంగు ఏం చెప్తుందో వినండి. స్టీల్ వేడెక్కుతుంటే పైన రంగులు వస్తాయి. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు. 300 దగ్గర నీలం. నీలం వచ్చిందంటే ఆ చోట కమ్మరి పెట్టిన గట్టిదనం చాలావరకు పోయినట్టే. అంచు కాగితమంత పల్చగా ఉంటుంది కదా, వేడి పోవడానికి చోటు ఉండదు, రెండు సెకన్లలో ఆ వేడికి చేరుతుంది. ఆ తర్వాత నీళ్ళలో ముంచినా లాభం లేదు, పోయిన గట్టిదనం తిరిగి రాదు. ఆ భాగం మొత్తం చేత్తో అరగదీసి, కింద ఉన్న మంచి స్టీల్ దాకా వెళ్ళాలి. రెండు అంగుళాల పొడవునా అంచు తగ్గుతుంది, వంపు మారుతుంది. కత్తి బతుకుతుంది గానీ ఇంక ఆ కత్తి కాదు. మా మిత్రుడికి నాలుగు వారాంతాలు పట్టింది.

అందుకే చెప్తున్నా, చేత్తో చేసినదాన్ని చేత్తోనే మార్చండి. చేత్తో రుద్దితే స్టీల్ అంత వేడెక్కదు. తప్పు మెల్లగా జరుగుతుంది కాబట్టి మధ్యలో ఆపగలం.

వెన్ను గురించి అడిగేవాళ్ళున్నారు. నిప్పురాయి కడ్డీ గీయడానికి వెన్నుని మూలమట్టంగా చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు, వెన్ను మెత్తన కాబట్టి ఆకురాయి కరుస్తుంది కూడా. కానీ ఇంత బరువైన కత్తిని తిరగేసి, పదునైన అంచుని మన వైపు పెట్టుకుని, చీకట్లో నిప్పురవ్వలు గీయడం ప్రమాదం. ఖుకురితో పాటు ఒరలో రెండు చిన్నవి వస్తాయి. ఒకటి కర్దా, చిన్న కత్తి. ఇంకోటి చక్మక్, పదును లేని ముక్క, అంచు సరిచేయడానికి, పూర్వం చెకుముకి రాయితో నిప్పు తీయడానికి. ఆ చక్మక్ ఒక మూలని ఆకురాయితోనో వజ్రపు పలకతోనో పదునుగా చేసుకుంటే మీ పని అయిపోతుంది. అది మొదటి నుంచీ నిప్పు కోసం ఉన్నదే.

అంచు మొదట్లో ఉండే గాడి, దాన్ని కౌడి అంటారు, దాని మీద కథలు చాలా ఉన్నాయి. ఆవు గిట్ట అంటారు, త్రిశూలం అంటారు. ఒర తీస్తే రక్తం చూడాలన్న కథ కూడా ఉంది. అది ఉత్త కథ. రోజూ ముల్లంగి తరిగే కత్తి అది. గాడిని మాత్రం లోతు చేయకండి, తీసేయాలనీ చూడకండి.

మెరుగు గురించి రెండు మాటలు. అద్దంలా మెరిసే కత్తి చూడ్డానికి బాగుంటుంది, అడవిలో పనికి అక్కర్లేదు. 400 కాగితంతో పొడవునా ఒకే దిశలో రుద్దితే మచ్చలు పడ్డా కనబడదు. ఇది తుప్పు పట్టే స్టీల్. మన ఇళ్ళల్లో మామిడికాయలు కోసిన కత్తిపీట నల్లబడేది గుర్తుందా, ఆ నలుపు మంచిదే. ఎర్ర తుప్పు ఎక్కకుండా కొంత అడ్డుకుంటుంది. వాడిన తర్వాత తుడిచి నూనె రాయడం మాత్రం మానకండి.

ఆఖరిది ఒర. చాలామంది దీన్ని పట్టించుకోరు, చేతులు తెగేది ఎక్కువగా ఇక్కడే. లోపల రెండు చెక్క బద్దలు, పైన గేదె తోలు. కత్తి తీసేటప్పుడు ఒరని పిడికిలితో చుట్టి పట్టుకుంటే, అంచు కుట్టుని కోసుకుని వేళ్ళలోకి దిగుతుంది. ఎప్పుడూ వెన్ను వైపు నుంచే ఒరని పట్టుకోండి, వేళ్ళు అంచు వైపుకి చుట్టుకోకూడదు. ఇంట్లో ఇంకెవరైనా వాడేట్టయితే వాళ్ళకి ముందు నేర్పాల్సింది ఇదే. నేను చేసిన మార్పు రెండు తోలు ముక్కలు. ఒకటి ఒర మూతి లోపల పల్చగా అతికించాను, కత్తి వదులు కాకుండా. ఇంకోటి పిడి చుట్టూ బటన్ పట్టీ. నడుముకి బదులు బ్యాగు పక్కన, పిడి పైకి ఉండేలా కట్టుకుంటాను. నడుముకి కడితే బ్యాక్‌ప్యాక్ బెల్టుకి అడ్డొస్తోంది, కూర్చుంటే మోకాలికి తగులుతోంది.

కొన్ని కత్తులు అసలు ముట్టుకోకూడనివి ఉన్నాయి. నేపాల్ పాత ఆయుధాగారం నుంచి బయటికి వచ్చిన సైన్యపు ఖుకురీలు ఇక్కడ అమ్ముతున్నారు. వెన్ను మీద దేవనాగరి అక్షరాలు కొట్టి ఉంటాయి. అవి చరిత్ర. నూనె రాసి దాచుకోండి. వాడకానికి కొత్తది కొనుక్కోండి, ఈ రోజు పని చేస్తున్న కమ్మరికి నాలుగు డబ్బులు వస్తాయి.

చట్టం కూడా చూసుకోండి. ఇక్కడ కత్తి వెంట తీసుకెళ్ళే రూల్స్ రాష్ట్రానికో రకం. ఇండియాలో ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే లెక్క ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన కత్తులకి మినహాయింపు ఉంది. ఖుకురి సులభంగా ఆ కొలత దాటుతుంది కాబట్టి ఊరికి తీసుకెళ్దామనుకునేవాళ్ళు ముందే కనుక్కోండి. పచ్చటి చెట్లు నరకకండి, రాలిన కొమ్మలు చాలు.

మొత్తం చూస్తే నా కత్తికి నేను చేసినవి నాలుగే. పిడి మూలలు గుండ్రం చేశాను, అంచుని మూడు రకాలుగా దిద్దాను, చక్మక్‌కి మూల పెట్టాను, ఒరకి రెండు తోలు ముక్కలు. ఆయన నీళ్ళు పోసిన చోటుని నేను వేడి చేయలేదు. ఇప్పుడు గంట సేపు కొట్టినా చేతికి బొబ్బ రాదు.

మీ కత్తి బయటికి తీయండి, సుద్దపొడి రాయండి, ఒక నెల వాడండి. తర్వాత ఏం మార్చాలో కత్తే చెప్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో గొడ్డలికి కొత్త కామ వేసుకోవడం చూద్దాం. అంతవరకూ జాగ్రత్తగా ఉండండి. ఉంటానండి, నమస్కారం.